అరవై రెండో పేజీలో సున్నా

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మ దీవించి రాసేది. మీ నాన్న మోకాళ్లు, వంటింట్లో కుళాయి తప్ప ఇక్కడ అందరం కులాసా. ఆ రెండూ తెల్లారేసరికి ఒకే శ్రుతిలో మూలుగుతాయి. నువ్వూ, అల్లుడూ, పాపా బాగున్నారని నీ ఉత్తరంలో చూసుకుని ప్రాణం కుదుటపడింది. ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు, ఫోను చేస్తే పోయేదిగా అంటావు. అనకు. ఇది ఫోనులో చెప్పేది కాదు. ఇది చదవగానే నువ్వు ఫోను చేస్తావని తెలుసు, నేను ఎత్తను. కోపంతో కాదే, భయంతో.

నాలుగు ప్రశ్నలు అడిగావు. ఒకటి, బీపీ మాత్రలు వేసుకుంటున్నానా అని. వేసుకుంటున్నాను. నేను మింగేదాకా మీ నాన్న ఎదురుగా నిలబడి కదలడు, బుగ్గన దాచుకుని ఉమ్మేస్తానన్నట్టు. రెండు, అరవై నాలుగేళ్లు వచ్చాయి, ఇంక ఆ నాటకాల హాలుకి వెళ్లడం మానవా అని. మానేశాను. నిన్నటి నుంచి. ఎందుకో కింద చదువు. మూడోది ఆఖరున చెబుతాను. నాలుగు, శాలువా ఏ రంగు కావాలని. ఇన్నాళ్లూ ముదురు రంగులే కట్టాను, తెర సందులోంచి జనానికి కనపడకూడదని. ఇప్పుడిక తెల్లదైనా పరవాలేదు.

ఈ నెలాఖరుకి మా హాలులో జడ్జి నాటకం మళ్లీ వేస్తున్నారు. పద్దెనిమిదేళ్ల తర్వాత. ముసలి యజమాని పోయాక ఆయన మేనల్లుడే కదా హాలు చూసుకుంటున్నది, అతను మొన్న సామాన్ల గదిలో ట్రంకుపెట్టె తెరిపించి, నాటకం పాత ప్రతి బయటికి తీసి, దుమ్ము దులిపి నా ఒళ్లో పెట్టాడు. "మీ పుస్తకమే పెద్దమ్మా, మళ్లీ మీ దగ్గరికే వచ్చింది చూడండి" అని నవ్వాడు. నవ్వొచ్చే మాటే. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా పని సంగతి నీకు తెలుసు, అయినా విడమరిచి రాస్తున్నాను. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదవడానికి రాస్తున్నది కాదు. స్టేజీకి ఎడమ పక్క తెర చాటున కూర్చుని, ప్రతి ముందు పెట్టుకుని, ఎవరికైనా మాట గుర్తు రాకపోతే మెల్లగా అందించడం నా పని. ఎప్పుడు అందించాలో తెలియడమే అందులో కష్టమంతా. ఊరికే ఆగినవాడికి మాట అందిస్తే నన్ను చంపేస్తాడు. మరిచిపోయి ఆగినవాడికి అందించకపోతే వాడే చస్తాడు. అందుకని ఒక్కొక్కరితో ఒక్కో సైగ అనుకుంటాం. ఆట అయ్యాక వాక్యం పక్కన పెన్సిలుతో గుర్తు పెడతాను. అందించాను, అందుకున్నారు అంటే టిక్కు. అందించాను, అందుకోలేదు అంటే సున్నా. మర్నాటి రిహార్సల్లో ఎవరికి ఎక్కడ గట్టి చెయ్యాలో ఆ గుర్తులే చెబుతాయి. హాలులో నా పెన్సిలు మాటకి తిరుగు లేదు.

మూడో అంకంలో, అరవై రెండో పేజీలో ఒక సున్నా ఉంది. గుండ్రంగా, కుదురుగా పెట్టిన సున్నా. పక్కన తేదీ. దాన్ని చూడగానే రబ్బరు చేతిలోకి తీసుకున్నాను పిచ్చుకా, నీ దగ్గర దాచడమెందుకు. కాసేపు పట్టుకుని కూర్చుని మళ్లీ డబ్బాలో పడేశాను.

మంగళవారం రిహార్సల్లో ఆ పేజీ వచ్చింది. ఇప్పుడు జడ్జి వేషం వేసేది బ్యాంకులో పనిచేసే కుర్రాడు, బాగానే చేస్తాడు. కలం పట్టుకుని కాగితం వైపు చూస్తూ ఆగాడు. అక్కడ ఆగాలి కాబట్టే ఆగాడు. నాకు మాత్రం తెర అంచున ఒక చెయ్యి కనపడింది. నల్లటి చెయ్యి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుని, నా వైపు తిప్పి. నేను మాట అందించేశాను. అందించడమేమిటి, అరిచాను. ఆఖరి వరస కుర్చీలు తుడుస్తున్న మనిషి కూడా తలెత్తి చూశాడు.

"నేను మరిచిపోలేదండీ!" అన్నాడు కుర్రాడు ఒళ్లు మండి. మేనల్లుడు మంచినీళ్లు తెచ్చిచ్చి ఆరోగ్యం బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను. ఆ చెయ్యి నాకు కొత్త కాదే. పద్దెనిమిదేళ్లుగా ఏ నాటకమైనా సరే, మూడో అంకం వచ్చేసరికి అదే చోట, తెర మడతలో ఉంటుంది. అడుగుతూనే ఉంటుంది. ఇన్నాళ్లూ పళ్లు బిగబట్టుకుని పేజీలోకి చూస్తూ గడిపేశాను. మంగళవారం నా వల్ల కాలేదు. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నీ ఉత్తరం ఉంది.

ఇక నీ మూడో ప్రశ్న. నీ మాటలే ఇక్కడ దింపుతున్నాను. "అమ్మా, బల్ల మావయ్య మా ఆస్పత్రికి వచ్చాడు. చెవులు పరీక్ష చేయించుకోవడానికి. ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట చేయించుకుంటాడట. గాజు గదిలో కూర్చోబెట్టి నేనే చేశాను. ఆయన చెవులు నా చెవుల కంటే బాగున్నాయి. ఆ మాట చెబితే సంతోషించకపోగా మొహం పాలిపోయింది. 'చెవులు బాగుంటే ఆ రోజు మీ అమ్మ ఇచ్చిన మాట నాకెందుకు వినపడలేదమ్మా? అయితే తేడా నా బుర్రలో ఉందన్నమాట' అన్నాడు. తల డాక్టరుకి చీటీ రాసిమ్మని కదలకుండా కూర్చున్నాడు. ఆ రోజు అసలేం జరిగింది?"

ప్రతి ఏడూ. ఆ రెండు మాటలు మళ్లీ మళ్లీ చదివాను. నన్ను తిట్టుకుంటూ ఎక్కడో బతుకుతున్నాడనుకున్నాను. అలా అనుకుంటే కాస్త హాయిగా కూడా ఉండేది. ఆయనేమో తన చెవుల్ని తిట్టుకుంటూ బతుకుతున్నాడు.

బల్ల మావయ్య మన హాలుకి నటుడిగా రాలేదు, వడ్రంగిగా వచ్చాడు. రేవు పేట మనిషి. నాలుగు తరాల కింద బరువులు మోయించడానికి ఓడల్లో తెచ్చినవాళ్లు వాళ్లు. మన భాషే మాట్లాడతారు, మనకంటే శుభ్రంగా మాట్లాడతారు. కానీ ఒంటి రంగూ, జుట్టూ వేరు కాబట్టి ఈ ఊరికి వాళ్లు ఎప్పుడూ నిన్న దిగినవాళ్లే. హాలులో వాళ్లకి వెనక గుమ్మం, పైన గ్యాలరీ. బోర్డు ఏమీ ఉండేది కాదు, ఉండక్కర్లేదు. మేకప్ మనిషి ఆయన మొహానికి విడిగా ఒక స్పాంజి ఉంచేవాడు. నేనేదో మంచిదాన్నని అనుకోకు. మొదటి రోజు ఆయన దాహమేసి నా నీళ్ల సీసా ఎత్తి తాగితే, ఇంటికొచ్చి మూడుసార్లు తోమాను. నువ్వు పక్కనే ఉండి "అన్నిసార్లు ఎందుకమ్మా?" అన్నావు. మురికి పట్టిందన్నాను.

అప్పటిదాకా నేను సబ్బుల పెట్టె బోర్లించుకుని కూర్చునేదాన్ని. ఆయన ఒక రోజు దారంతో నా మోకాలి ఎత్తు కొలుచుకుని, ప్రతి ఆనించుకోవడానికి వాలు పలక బిగించి, నడుం పట్టకుండా ఒక బల్ల చేసిచ్చాడు. నువ్వు ఎక్కి కూర్చోవడానికి దాని పక్కన చిన్న మెట్టు కూడా పెట్టాడు. అలా నీకు బల్ల మావయ్య అయ్యాడు. మొన్నటిదాకా దాని మీదే కూర్చున్నాను.

ఏళ్ల తరబడి కుర్చీలు బాగుచేస్తూ, రిహార్సళ్లు వింటూ నాటకాలన్నీ నోటికి పట్టేశాడు. కాపలావాడు, దొంగ, బండివాడు, ఇలాంటి వేషాలు ఇచ్చేవాళ్లు. దొంగ వేషానికైతే అడగకుండానే ఆయన పేరు రాసేసేవాళ్లు. జడ్జి వేషం వేసే పెద్దమనిషి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఆ వేషం మొత్తం వచ్చినవాడు ఈయనొక్కడే. టికెట్లు అమ్ముడైపోయాయి. యజమాని గత్యంతరం లేక ఇచ్చాడు.

నాటకం నీకు గుర్తుండే ఉంటుంది. ఊరి పాలకుడు ఒక అమాయకుడైన బండివాణ్ణి ఉరి తీయించాలని, జడ్జిని సంతకం పెట్టమంటాడు. బెదిరిస్తాడు, బుజ్జగిస్తాడు, నీ పిల్లల సంగతి ఆలోచించుకో అంటాడు. జడ్జి కలం తీసుకుని చాలాసేపు కూర్చుని, చివరికి ఒక మాట అని కింద పెట్టేస్తాడు. పాలకుడి వేషం మా యజమానే వేసేవాడు.

ఎనిమిది ఆటలు ఆడింది. రేవు పేట జనం గ్యాలరీ విరిగిపడేలా వచ్చారు. బల్ల మావయ్య కలం కింద పెట్టే చోట పైనుంచి ముక్కులు ఎగబీల్చడం నాకు తెర చాటున వినిపించేది. కింద ముందు రెండు వరసల వాళ్లకి మాత్రం ఒళ్లు కంపరమెత్తింది. హాలు నిలబడిందే వాళ్ల అండతో. "మనకి తీర్పు చెప్పడానికి వీడా?" అని యజమానికి కబురు పెట్టారు.

తొమ్మిదో ఆట ఆదివారం మధ్యాహ్నం. పొద్దున్నే యజమాని నన్ను దుస్తుల గదిలోకి పిలిచి కుర్చీ వేశాడు. ఆయన ముందు నేను కూర్చోవడం అదే మొదటిసారి.

"ఆయన మీద నాకేం కోపం లేదమ్మా, మంచి నటుడు. కానీ నేనుగా తీసేస్తే ఆ పేట వాళ్లు గొడవ చేస్తారు. తనంతట తనే తప్పుకుంటే ఎవరికీ బాధ ఉండదు. ఎప్పుడో ఒకప్పుడు మాట మరిచిపోతాడు కదా? మరిచిపోతే మరిచిపోనీ" అన్నాడు.

"నన్నేం చెయ్యమంటారు?" అన్నాను.

"నిన్నేం చెయ్యమనట్లేదమ్మా. ఏమీ చెయ్యొద్దంటున్నాను, అంతే."

అని, ఎదురుగా ఉన్న కాగితం ఒకటి ఇటు జరిపాడు. నీ కాగితమే పిచ్చుకా. చెవుల పరీక్షల చదువుకి ఊళ్లో పేరున్న మనిషి సంతకం కావాలన్నారే, అది. వారం నుంచి ఆయన దగ్గరే ఉంది. "ఆట అయ్యాక తీరిగ్గా చూస్తాను" అన్నాడు. నేను సరేనండీ అనలేదు. కాదండీ అని కూడా అనలేదు. లేచి వచ్చి పెన్సిలు చెక్కుకున్నాను.

మూడో అంకంలో బల్ల మావయ్య కలం చేతిలోకి తీసుకున్నాడు. ముందు వరసలో ఒకావిడ, గట్టిగా కూడా కాదు, పక్కావిడతో అన్నట్టు, "అబ్బో, కలం పట్టుకోవడం కూడా నేర్పారే!" అంది. నలుగురు కిసుక్కుమన్నారు. ఆయన భుజాలు బిగుసుకున్నాయి. ఆగాడు. కావాలని ఆగినప్పుడు ఆయన గాలి పీల్చి ఆగేవాడు. ఈసారి గాలి వదిలేసి ఆగాడు. మాట పోయిందని నాకు అప్పుడే తెలిసింది. చెయ్యి కిందికి దించి, రెండు వేళ్లూ కలిపి నా వైపు తిప్పాడు.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. పేజీ తెరిచే ఉంది, నా వేలు ఆ వాక్యం మీదే ఉంది. నోరు తెరిచాను. మూసేశాను. ఆయన మళ్లీ అడిగాడు, వేళ్లు రెండూ నలిగేలా నొక్కి. మూడోసారి తల తిప్పి నా వైపే చూశాడు. నటుడు అలా చూడకూడదు, ఆయన ఎప్పుడూ చూసేవాడు కాదు. చీకట్లో నా మొహం ఆయనకి కనపడలేదు. దీపాల కింద ఆయన మొహం నాకు బాగా కనపడింది. అందులో నా మీద అనుమానం లేదే. నాకేమైనా అయిందేమోనని కంగారు ఉంది.

కింద దగ్గులు మొదలయ్యాయి, తర్వాత నవ్వులు. పైన గ్యాలరీలో ఒక్క అలికిడి లేదు. యజమాని ముందుకొచ్చి, కలం ఆయన చేతిలోంచి లాక్కుని, అప్పటికప్పుడు ఏదో కల్పించి అనేసి తెర దించమని సైగ చేశాడు. చప్పట్లు మోగాయి.

నీ మూడో ప్రశ్నకి జవాబు ఇది. ఆయనకి వినపడలేదు, ఎందుకంటే నేను అనలేదు.

తెర దిగాక పెన్సిలు తీసుకున్నాను. మా పనిలో టిక్కు ఉంది, సున్నా ఉంది. అడిగారు, అందించలేదు అన్నదానికి గుర్తే లేదు. అలాంటిది జరుగుతుందని ఎవరూ అనుకోలేదు మరి. సున్నా పెట్టాను. చెయ్యి వణకలేదు. యజమాని వేషం తియ్యకుండానే నీ కాగితం మీద సంతకం గీకేశాడు, చేతిలో ఉన్న ఆ నాటకం కలంతోనే. అందులో నిజంగా సిరా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత ప్రతి పట్టుకెళ్లి బల్ల మావయ్యకి చూపించాడు. "చూడు, సున్నా. అమ్మ అందించింది, నీకే అందలేదు."

ఆయన పేజీ చూశాడు, నన్ను చూశాడు. "ఇచ్చావా అక్కా?" అన్నాడు.

తల ఊపాను.

"అయితే నా చెవులదే తప్పు. పాపం, నువ్వెంత కంగారు పడిపోయావో" అన్నాడు.

నన్ను ఓదార్చాడే! మర్నాడు వచ్చి పనిముట్లు సర్దుకున్నాడు. పోతూ పోతూ నా బల్ల కాలు కదులుతోందని వంగి స్క్రూ బిగించి వెళ్లాడు. ఆ తర్వాత మళ్లీ ఏ స్టేజీ ఎక్కలేదట. ఊళ్లో మాత్రం ఒక మాట పుట్టింది, వాళ్లకి బరువులు నిలుస్తాయి గానీ బుర్రలో మాటలు నిలవవని. ఆ పేటలో ఇంకెవరికీ ఆ హాలులో వేషం దొరకలేదు. ఎవరైనా అడిగితే అరవై రెండో పేజీ చూపించేవాళ్లు.

ఇది చదివి నీ చదువు మీద నువ్వు అసహ్యం తెచ్చుకోకు. అందులో నీ తప్పు గోరంత లేదు. నీ కోసం చేశానని కూడా నేను అనను. ఇన్నేళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను, పాపం పిల్ల భవిష్యత్తు, తల్లిని కదా అని. ఆ కాగితం లేకపోయినా నోరు మూసుకునే ఉండేదాన్నేమో. నీళ్ల సీసా మూడుసార్లు తోమిన చేతులే కదా ఇవి.

నిన్న ఆ సున్నా పక్కన, "ఆయన అడిగాడు, నేను ఇవ్వలేదు" అని పెన్నుతో రాసి, సంతకం పెట్టి, దుస్తుల గదిలో ఉన్న మేనల్లుడికి చూపించాను. చదివి, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "ఇప్పుడివన్నీ ఎందుకు పెద్దమ్మా? పోయిన మావయ్య పేరు పాడవుతుంది. ఆ పేజీ మళ్లీ రాయించుకుందాం, మీరేం చెయ్యక్కర్లేదు" అన్నాడు. అదే గది, అదే గొంతు, అదే మాట! ఏమీ చెయ్యకపోవడం ఒకసారి చేశాను నాయనా, ఇక నా వల్ల కాదన్నాను. అయితే ఈసారికి విశ్రాంతి తీసుకోండి అన్నాడు. ప్రతి నా సంచీలో వేసుకుని వచ్చేశాను. అడ్డుపడబోయాడు గానీ నా మొహం చూసి ఆగిపోయాడు.

మీ నాన్నకి ఎలా చెప్పాలా అని సగం రోజు తిరిగాను. చెబితే, "ఆ కలం మాట సంగతేనా? నిద్రలో అంటూనే ఉంటావుగా" అన్నాడు. "మరి ఇన్నేళ్లూ అడగలేదేం?" అంటే, "చెప్పేదానివైతే నువ్వే చెప్పేదానివి కదా" అని మోకాళ్లకి తైలం రాసుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి, "వెళ్లేటప్పుడు మాత్రలు మరిచిపోకు" అన్నాడు. వెళతానని నేను అప్పటికి ఇంకా అనుకోనే లేదు.

పైన రెండు వరసలు కొట్టేసి ఉన్నాయి చూడు. ఆ రోజు నేను ఇవ్వని మాట ఆ గాజు గదిలో నువ్వే ఆయనకి చదివి వినిపించమని రాశాను మొదట. కొట్టేశాను. మళ్లీ నేను చాటున కూర్చుని ఇంకొకరి నోటితో అనిపించినట్టే కదా. నేనే వస్తున్నాను, వచ్చే గురువారం పొద్దుటి బండికి. శుక్రవారం పదకొండింటికి ఆయన్ని రమ్మను. ఈలోపు ఈ ఉత్తరం ఆయనకి ఇచ్చి చదవమను. తల డాక్టరుకి చీటీ మాత్రం రాయకు. చదివాక నన్ను చూడనంటే బలవంతం చెయ్యకు, అది ఆయన ఇష్టం.

వస్తే గనక, గాజుకి ఇవతల నీ కుర్చీలో నన్ను కూర్చోనీ. పెదాలు చూసి కనిపెట్టెయ్యకుండా నోటికి అట్ట అడ్డం పెట్టుకుంటావని ఒకసారి చెప్పావు. నాకు అట్ట వద్దు. దీపం నా మొహం మీదికి తిప్పు. చదివేది ఒక్కటే: "ఈ కలం కింద పెట్టేస్తున్నాను. మీలో ఎవరి చెయ్యి వణకదో వాళ్లు తీసుకోండి."

ఆయన తిరిగి అంటాడో, లేచి వెళ్లిపోతాడో నాకు తెలియదు. ఏదైనా సరే, ఆయన పరీక్ష కాగితం మీద ఆ పాత తేదీ వేసి రాసిపెట్టు, చెవుల్లో లోపం లేదు, ఆ రోజు మాట ఎవరూ ఇవ్వలేదు అని. కింద నేను సంతకం పెడతాను. కాస్త ఓపిక పట్టి పెట్టించుకో. చెయ్యి ఇప్పుడే ఎలా వణుకుతోందో ఈ అక్షరాల్లో చూశావుగా.

ఇట్లు,
తెర చాటు నుంచి లేచి వస్తున్న
మీ అమ్మ